లిప్‌గ్లాస్‌లో పాలీఐసోబ్యూటీన్: మెరుపూ జిగటా ఒకే చోటు నుంచి

లిప్‌గ్లాస్ ట్యూబు మీది పదార్థాల జాబితాలో పాలీఐసోబ్యూటీన్ అనేది పాలీబ్యూటీన్ అనో, హైడ్రోజనేటెడ్ పాలీఐసోబ్యూటీన్ అనో తరచుగా మొదటి వరుసలోనే కనిపిస్తుంది. పెదవులకు మృదుత్వాన్ని, నూనెల మిశ్రమానికి చిక్కదనాన్ని ఒక్కటే ఇవ్వగల సింథటిక్ పదార్థమిది. ఇది ఉన్న గ్లాస్‌లనూ లేని వాటినీ మార్చి మార్చి వాడిన అనుభవంతో, దీని గుణదోషాలను విడిగా పరిశీలించడం అవసరమనిపించింది.

పెట్రోలియం నుంచి లభించే ఐసోబ్యూటిలీన్ వాయువు అణువులను పొడవైన గొలుసులుగా కలిపి దీన్ని తయారుచేస్తారు. గొలుసు పొట్టిగా ఉంటే పల్చని నూనెలా జారే ఈ పదార్థం, పొడవు పెరిగే కొద్దీ ముదురు పాకంలా సాగుతుంది. అందువల్లనే లేబుల్ మీద ఒకే పేరున్న రెండు గ్లాస్‌లు పెదవుల మీద పూర్తిగా వేర్వేరుగా అనిపించవచ్చు. ఈ తేడాను తయారీదారులు స్పష్టంగా చెబితే కొనేవారికి ఎంతో మేలు జరుగుతుంది. హైడ్రోజన్ చేర్చిన రకంలో గొలుసులో మిగిలిన ద్విబంధాలు (సులభంగా చర్య జరిపే జంట బంధాలు) తొలగిపోతాయి కనుక, అది గాలిలోని ఆక్సిజన్‌తో సులభంగా చర్య జరపదు, పాతబడిన నూనె వాసనా రాదు.

మెరుపు విషయంలో దీనికి పూర్తి మార్కులు ఇవ్వాలి. చిక్కని పొర పెదవుల మీది సన్నని గీతలను నింపి నునుపైన ఉపరితలాన్ని ఏర్పరుస్తుంది, పైగా దీని వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) దాదాపు 1.5 ఉండటం వల్ల కాంతి బాగా ప్రతిఫలిస్తుంది. రంగు పొడి, మైకా అనే మెరిసే ఖనిజపు రేణువులు ట్యూబు అడుగుకు త్వరగా దిగిపోకుండా నిలిపేదీ ఈ చిక్కదనమే. నీటిలో కరగదు కాబట్టి మంచినీళ్లు తాగినంత మాత్రాన చెరిగిపోదు.

అయితే ఇంతసేపు నిలబెట్టే ఆ పట్టే జిగటగా కూడా మారుతుంది. గాలికి ఎగిరిన వెంట్రుకలు పెదవులకు అంటుకోవడం, కప్పు అంచున మరక పడటం నిజంగా విసిగిస్తాయి. జాబితాలో దీని వెంటనే ఆక్టైల్‌డోడెకనాల్ వంటి తేలికపాటి పదార్థం ఉంటే జిగట కొంత తగ్గుతుంది.

సింథటిక్ అన్న కారణంతోనే దీన్ని అనుమానించడం న్యాయం కాదు. అమెరికాలో సౌందర్య సాధనాల పదార్థాలను సమీక్షించే సి.ఐ.ఆర్. నిపుణుల బృందం, 1982లో వెలువడిన నివేదికలో, అప్పటి వాడుక పద్ధతుల్లో పాలీబ్యూటీన్ సురక్షితమని తేల్చింది. లనోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం) లేదా ఆముదం పడక పెదవులు మంట పుట్టేవారికి, అవి లేకుండా దీనితో చేసిన గ్లాస్ మంచి ప్రత్యామ్నాయం. కానీ ఎండిన పెదవులకు ఇది కొత్తగా తేమను ఇవ్వదు, ఉన్న తేమ ఆవిరి కాకుండా అడ్డుకుంటుంది, అంతే. పెట్రోలియం మూలం, నేలలో త్వరగా కలిసిపోని స్వభావం పర్యావరణం పట్టించుకునేవారికి సరైన అభ్యంతరాలే.

రోజువారీ వాడకానికి నేను దీన్ని సిఫారసు చేస్తాను, అయితే పలుచని పొరగా, పెదవుల మధ్యభాగంలో మాత్రమే రాయాలి. తొలగించేటప్పుడు నీటితో రుద్దకుండా, ముందుగా ఏదైనా నూనె అద్దిన దూదితో మెల్లగా తుడవాలి.