రెడీమేడ్ రింగులు: పిల్లర్లకు కొనొచ్చా?

రావులపాలెం రోడ్డులో మిషను పెట్టి రింగులు (పిల్లరు నిలువు ఊచల చుట్టూ కట్టే ఇనుప చుట్లు) వంచి అమ్మే షాపు నుంచి మా ఊరి కమ్యూనిటీ హాలుకి సరుకు తెప్పించాను. అయిదుకి నాలుగు మార్కులు ఇస్తాను.

ముందు రేటు సంగతి. ఊచ కిలో రేటు మీద వంపు కూలి ఏడు రూపాయలు పడింది. సైటులో వంచితే పోయే తుక్కు, కుర్రాళ్ళ కూలి లెక్కేస్తే పెద్ద తేడా లేదు. ట్రాలీ కిరాయి వేరే.

అసలు వీళ్ళ దగ్గరికి వెళ్ళింది హుక్కు కోసం, అంటే రింగు చివరి మడత కోసం. మన రాడ్ బెండింగ్ మేస్త్రులు చాలామంది రింగు చివర్లను 90 డిగ్రీలకు మడిచి, బైండింగ్ వైరు చుట్టేసి ఊరుకుంటారు. భూకంపంలో పిల్లరు అటూఇటూ ఊగితే ముందు ఊచల పైనుండే పొర, అంటే కవరు కాంక్రీటు, రాలుతుంది. ఇక ఆ చివర్లు విచ్చుకుంటాయి, నిలువు ఊచలు బయటికి ఉబ్బుతాయి, లోపలి కాంక్రీటు పిండై జారిపోతుంది. అదే 135 డిగ్రీలకు, అంటే పిల్లరు కడుపులోకి మడిస్తే, కవరు రాలినా రింగు పట్టు వదలదు. భూకంపాలకు తట్టుకునే కాంక్రీటు కట్టడాల కోసం మన దేశంలో పెట్టిన ప్రమాణం ఐఎస్ 13920 అడిగేదీ ఇదే. మడత తరవాత తోక ఊచ మందానికి ఆరు రెట్లు ఉండాలి, ఎంత సన్న ఊచైనా 65 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. టేపు పెట్టి చూశాను, 70 దాకా వదిలారు. ప్రతి రింగూ ఒకే కొలత. చేత్తో వంచితే అది రాదు.

ఒక్క కట్టలో మాత్రం తోక 45కి మించలేదు. వేరే ఆర్డరుది కలిసిపోయిందట. ఫోన్ చేస్తే మర్నాడు మార్చారు గానీ, ఆ పూట కూలీలకు ఊరికే డబ్బులిచ్చాను. మార్కు తగ్గింది అందుకే.

"తుఫాన్లకు కట్టుకుంటే చాలదాండీ, భూకంపం గోల మనకెందుకు? ముప్పై ఏళ్ళుగా ఇలాగే కడుతున్నానండి, ఒక్కటైనా పడిందేటండీ?" అన్నాడు మా మేస్త్రి. నేను కుర్రతనంలో గుజరాత్‌లోని కచ్‌లో, భూకంపం తరవాత స్కూళ్ళు మళ్ళీ కట్టే పనిలో సూపర్‌వైజరుగా చేశాను, అందుకే ఊరుకోలేకపోయాను. 2001 జనవరి 26న వచ్చిన ఆ 7.7 తీవ్రత భూకంపానికి, భూకంప కేంద్రం నుంచి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులోనూ అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలా వరకు కింద పార్కింగుకి ఖాళీగా వదిలినవే. ఏటి ఒండ్రు మీద కుదుపు ఇంకా పెరుగుతుంది. మనం కూర్చున్నదీ ఒండ్రు మీదే, భీమవరం, కాకినాడల్లో లేస్తున్నవీ పార్కింగు అపార్టుమెంట్లే. 1969లో ఇదే గోదావరి ఒడ్డున భద్రాచలం దగ్గర 5.7 తీవ్రత భూకంపం వచ్చింది కూడా.

కచ్‌లో నాకు నచ్చింది డబ్బు ఇచ్చిన పద్ధతి. ఇల్లు ఎవరిది వాళ్ళే కట్టుకోవాలి, ప్రభుత్వ సాయం విడతల్లో వస్తుంది. ఇంజనీరు వచ్చి చూసి సరే అంటేనే తరవాతి విడత. స్కూలు గోడలకైతే ప్లింతు (పునాది పైమట్టం) దగ్గర, లింటెల్ (తలుపులు, కిటికీల పైమట్టం) దగ్గర, పైకప్పు దగ్గర గోడల చుట్టూ కాంక్రీటు బ్యాండు, మూలల్లో నిలువు ఊచ తప్పనిసరి. తాపీ మేస్త్రులకు ట్రైనింగులు పెట్టారు. కూలిపోయిన భుజ్ పెద్దాసుపత్రి స్థానంలో కొత్తదాన్ని ఏకంగా కుదుపు భవనానికి అంతగా ఎక్కకుండా చూసే సీసం, రబ్బరు కలిపిన బేరింగుల మీద నిలబెట్టారు. మన పంచాయతీ బిల్డింగులకు అంత అక్కర్లేదు గానీ, రింగు హుక్కుకి కూడా బడ్జెట్ లేదంటే నవ్వొస్తుంది.

రింగులు మంచివి కొన్నంత మాత్రాన పని అయిపోదు. బీము, పిల్లరు కలిసే జాయింటులో రింగులు ఎక్కించడం నరకం. బీము ఊచలు ముందే పరిచేస్తే మూసిన రింగు దూరదు. మావాడు ఏం చేశాడంటే, హుక్కును సుత్తితో కొట్టి తెరిచి దూర్చాడు, మళ్ళీ మూయలేదు. డబ్బులు పోసి కొన్న మడత అక్కడే పోయింది. విప్పించి, జాయింటు రింగులు ముందు వేయించి, ఆ తరవాతే బీము కట్టించాను. ఒక రోజు ఆలస్యం, మేస్త్రి రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. జాయింటుకి పైనా కిందా రింగుల మధ్య దూరం నాలుగంగుళాలు మించకుండా చూసుకోవాలి, కాబట్టి మామూలు లెక్క కంటే రింగులు ఎక్కువే పడతాయి. ఆర్డరు ఇచ్చేటప్పుడే అది కలపండి.

ఉప్పుగాలికి ఇక్కడ ఊచ త్వరగా తుప్పు పడుతుంది, అందుకని ఫ్లోరుకు సరిపడా మాత్రమే తెప్పించుకోండి. షాపు వాళ్ళకు డ్రాయింగు వాట్సాప్‌లో పంపితే చాలు, సైజులు వాళ్ళే రాసుకుంటారు. ఆదివారం సెలవు.