ల్యాప్రోస్కోపీ శిక్షణ పెట్టె: ఒక సర్జరీ పీజీ అభిప్రాయం

పొట్టకు చిన్న రంధ్రాలు చేసి, కెమెరాలో చూస్తూ పొడవాటి పరికరాలతో చేసే ఆపరేషనే ల్యాప్రోస్కోపీ; దాన్ని సాధన చేయడానికే ఈ పెట్టె. 2020లో కోవిడ్ కారణంగా అత్యవసరం కాని శస్త్రచికిత్సలు వాయిదా పడి, సర్జరీ పీజీలమైన మేము కూడా కోవిడ్ వార్డు విధులకు వెళ్లవలసి వచ్చినప్పుడు, ఆపరేషన్లలో చేయి తిరగవలసిన కాలమంతా చేజారిపోతుందన్న బెంగతో కర్నూలులోని నా గదికి ఈ పెట్టెను తెప్పించుకున్నాను. చేతిని కుడికి కదిలిస్తే పరికరం మొన ఎడమకు పోయే తికమక దీనితో బాగా అలవాటవుతుంది. లోపలే కుట్టు వేసి ముడి బిగించడం కూడా సాధనతో పట్టుబడుతుంది. కెమెరా మాత్రం నాసిరకం. ఎల్‌ఈడీ వెలుగు సూది మీద పడి మెరవడంతో దాని మొన ఎటు తిరిగిందో కనిపించదు (ఈ ధరకు అంతకుమించి ఆశించలేమేమో). పైగా పెట్టెలో పెట్టి సాధన చేసే స్పాంజి ముక్కకు రక్తస్రావం ఉండదు. వాచిన పిత్తాశయాన్ని కాలేయం నుంచి విడదీసేటప్పుడు ఎక్కడ ఆగాలో తెలియాలంటే సీనియర్ పక్కన నిలబడవలసిందే. మొదటి ఏడాది పీజీలు కొనుక్కోవచ్చు. చివరి ఏడాదివారికి దీనివల్ల ఒరిగేది తక్కువ.