సొంత బ్రాండు నూనె పద్దెనిమిది రూపాయలు చవకట! కొనేముందు ఇది చదవండి

ఇప్పుడే ఆ షాపు నుంచి వచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు. కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. షాపు పేరు రాయను. వైజాగ్‌లో నెల సరుకులు అక్కడ కొనేవాళ్ళకి "ఆళ్ళ సొంత బ్రాండు" అంటే చాలు.

ముందు సంగతి రెండు ముక్కల్లో. ఈ నెల ఖర్చు తగ్గిద్దామని పేరున్న బ్రాండ్లన్నీ మానేసి షాపువాళ్ళ బ్రాండుకి మారాను. సలహా మా తోడికోడలిది. "టీవీలో ఆళ్ళేసుకునే యాడ్లకి మనం డబ్బులు కట్టడం ఏటక్కా?" అంది. నిజమే అనిపించింది. పంచదార, ఉప్పు బాగానే ఉన్నాయి. బొంబాయి రవ్వ ప్యాకెట్ తిప్పి చూస్తే, ఇన్నాళ్ళూ నేను కొన్న బ్రాండు రవ్వ ఏ మిల్లులో తయారవుతుందో ఇదీ అక్కడిదే. కవరు మారింది, పదకొండు రూపాయలు తగ్గింది. అది చూసేసరికి నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చేసింది, కంటికి కనబడినవన్నీ ట్రాలీలో వేసేశాను. కందిపప్పు ఆరు విజిల్స్ వచ్చినా బద్ద బద్దలాగే ఉంది. టమాటా సాస్ వెనక దినుసుల్లో మొదటి పేరు నీళ్ళు, రెండోది పంచదార. ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి కదా, అంటే మనం కొన్నది ఎర్ర పానకం. సర్లెండి, వాటి గురించి కాదు నా ఏడుపు.

నూనె.

సన్‌ఫ్లవర్ నూనె అరల దగ్గర ఇంత బోర్డు పెట్టారు. ఒక పక్క పేరున్న బ్రాండు ప్యాకెట్ బొమ్మ, 156 రూపాయలు, దాని మీద ఎర్ర గీత. రెండో పక్క వాళ్ళ ప్యాకెట్, 138 రూపాయలు. కింద "18 రూపాయలు ఆదా". ప్యాకెట్లు పక్కపక్కన పెడితే ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. అయిదు తీసుకున్నాను. తొంభై రూపాయలు మిగిలాయని ఆటోలో మా ఆయనకి ఫోన్ చేసి మరీ చెప్పాను. అదింకా గుర్తొస్తోంది.

మా ఇంట్లో అయిదు లీటర్ల స్టీలు క్యాను ఉంది. నెలకోసారి అయిదు ప్యాకెట్లు కత్తిరించి పోస్తే సరిగ్గా మెడ దాకా వచ్చేది. ఈసారి అయిదూ పోశాక కూడా నూనె కిందనే ఉండిపోయింది. ఒలికిందేమో అని గట్టు తడిమి చూశాను. లేదు. అప్పుడు కవరు తీసి, కళ్ళజోడు పెట్టుకుని చదివాను. 800 గ్రాములు.

లీటరు నూనె అంటే 910 గ్రాములు, బ్రాండు ప్యాకెట్ మీద అలాగే ఉంటుంది. ఇది 800. అయిదు ప్యాకెట్లకి 550 గ్రాములు తక్కువ. లెక్క కట్టండి: 138 రూపాయలకి 800 గ్రాములైతే 910 గ్రాములకి దగ్గర దగ్గర 157 రూపాయలు. బ్రాండు నూనె 156. అంటే పద్దెనిమిది ఆదా కాదు సరికదా, పైనుంచి ఓ రూపాయి నేనే ఎక్కువిచ్చాను. చదివేవాళ్ళకి చెప్పలేదు కదూ, ఇరవై రెండేళ్ళు బళ్ళో లెక్కల టీచరుగా చేశాను. ఏకవస్తు పద్ధతి పిల్లలకి బోర్డు మీద నూనె, బియ్యం లెక్కలతోనే చెప్పేదాన్ని. ఇప్పుడు నన్నెవరైనా బెంచీ ఎక్కించాలి.

ఇక్కడిదాకా నా బుద్ధిలేనితనమే అనుకోండి. ఒక ఖాళీ కవరు కడిగి, బిల్లు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. గొడవకి కాదు. ఆ బోర్డు తీయించండి, నాలాంటివాళ్ళు ఇంకా మోసపోతారు అని చెబుదామని. బిల్లింగ్ అమ్మాయి పాపం చూసి, "అవునాంటీ, నాకూ తెలీదు" అని మేనేజర్ని పిలిచింది. అతనికి ముప్పై ఏళ్ళుంటాయేమో. కవరు వంక చూడనేలేదు.

"బోర్డు మీద లీటరు అని ఎక్కడైనా ఉందా మేడమ్?"

లేదు. నిజంగానే లేదు. అదే కదా తెలివి.

"బరువు ప్యాకెట్ మీద రాసే ఉంటుంది. చదువుకోవాలి."

"మరి 18 రూపాయలు ఆదా అని రాశారే, దేనితో పోల్చి రాశారు బాబూ? అది 910, ఇది 800 కదా" అన్నాను. నెమ్మదిగానే అన్నాను. వెనక వరసలో పది మంది ఉన్నారు. ఒకాయన "కానివ్వండమ్మా" అంటున్నాడు. ఈ అబ్బాయి ఏం చేశాడో తెలుసా? జేబులోంచి ఇరవై రూపాయల నోటు తీసి, కౌంటర్ మీద పెట్టి, నా వైపు తోశాడు.

"ఇదిగోండి మీ పద్దెనిమిది. రెండు రూపాయలు ఉంచుకోండి."

వెనక ఎవరో నవ్వారు. ఎవరో చూడలేదు, తల తిప్పలేకపోయాను. అరవై ఏళ్ళకి దగ్గర పడుతున్నదాన్ని, ఆ నోటు ముందు అడుక్కోవడానికి వచ్చినదాన్లా నిలబడ్డాను. అనాల్సింది ఒక్క మాటా రాలేదు. "నాకు నీ డబ్బు కాదు కావాల్సింది, ఆ బోర్డు తీయి" అని చక్కగా అనొచ్చు. ఆ మాట మద్దిలపాలెం దాటాక ఆటోలో తోచింది. నోటు అక్కడే వదిలేసి వచ్చాను. వస్తూ వస్తూ చూశాను, బోర్డు అలాగే ఉంది. ఇద్దరు దాని కింద ప్యాకెట్లు ఏరుకుంటున్నారు. వాళ్ళకైనా చెప్పలేదు నేను. ఎంత పిరికిదాన్నో.

మా ఆయనకి చెబితే "ఆ ఇరవై తెచ్చుంటే ఆటోకైనా పనికొచ్చేది" అన్నాడు. ఆయనతో ఇవాళ మాటల్లేవు.

కొనేవాళ్ళు చూసుకోవాల్సింది ఒక్కటే, బరువు. ఇదివరకు నూనె, టీ పొడి లాంటివి ఫలానా సైజుల్లోనే ప్యాక్ చేయాలని నిబంధన ఉండేది, 2022లో అది ఎత్తేశారు. అందుకే ఇప్పుడు 750, 800, 850 అని రకరకాలు. పేరున్న బ్రాండ్లూ తక్కువేం కాదు, వాళ్ళూ 800 లోనూ 850 లోనూ అమ్ముతున్నారు, వాటినీ తిప్పి చూడండి. గ్రాముకి ఎంత పడుతుందో ప్యాకెట్ మీద వేయాలి, వేస్తున్నారు కూడా. కానీ దాన్ని నమ్ముకోకండి. నేను ఇందాక చూశాను, రెండు ప్యాకెట్ల మీదా 0.17 అనే ఉంది. పైసల్లోకి కుదించేసరికి తేడా కనబడదు. ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి ధరని బరువుతో భాగించండి, సిగ్గుపడకండి. పక్కవాళ్ళు చూస్తే చూడనివ్వండి. రవ్వ, పంచదార, ఉప్పు అయితే షాపు బ్రాండు తీసుకోవచ్చు, నేనూ తీసుకుంటాను, కాకపోతే అక్కడ కాదు. పప్పులు పూర్ణా మార్కెట్‌లో చేత్తో చూసి కొనుక్కోవడమే మేలు.

ఫిర్యాదుకి వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 ఉంది కదా, రేపు చేస్తాను. బిల్లు ఉంది. తీసుకెళ్ళిన కవరు మాత్రం ఆ కౌంటర్ మీదే వదిలేసి వచ్చేశాను, ఆ ఇరవై నోటు పక్కన. మిగతా నాలుగు కవర్లూ నిన్నే చెత్తబుట్టలో పడేశాను. పొద్దున్నే కార్పొరేషన్ చెత్తబండి వచ్చేలోపు లేచి వెతకాలి.