గొర్రెపిల్ల డ్యూకటా, రైన్ బంగారు డ్యూకటా?

పాత జర్మన్ బంగారు నాణేల్లో ఒక్కటే కొనాలంటే నా ముందు రెండు పేర్లు ఉంటాయి. రెండూ డ్యూకట్లు, అంటే సుమారు 3.5 గ్రాముల బంగారు నాణేలే.

మొదటిది జర్మన్ నగరం న్యూరెంబర్గ్‌ది. భూగోళం మీద జెండా పట్టుకున్న గొర్రెపిల్ల. తేదీ అంకెల్లో కాదు, ‘తండ్రీ, మా కాలానికి శాంతి కిరీటం పెట్టు’ అనే లాటిన్ ప్రార్థనలో దాగి ఉంటుంది. అందులోని ఎం, డి, సి, సి అక్షరాలను రోమన్ అంకెలుగా కూడితే 1000+500+100+100, అంటే 1700! చదరపు నాణేలూ ఉన్నాయి. అయితే ఇదే తేదీతో తర్వాత చాలా ఏళ్లు ముద్రించారు కాబట్టి 1700 అని కనిపించగానే మురిసిపోకూడదు. మన కాసులపేరులోలా కొన్నిటికి కొక్కెం అతికించి మెడలో వేసుకున్నారు. ఊడదీసిన మచ్చ ఉంటే ధర పడిపోతుంది, అంచు భూతద్దంతో చూడాల్సిందే.

రెండోది జర్మనీలోని పలాటినేట్ ప్రాంత పాలకుడు కార్ల్ థియోడోర్ 1763లో ముద్రింపజేసింది. మాన్‌హైమ్ నగర దృశ్యం, రైన్ నది ఇసుకలో కడిగి తీసిన బంగారం. అరుదు, ఖరీదు.

డబ్బుంటే రైన్‌దే. నా జేబుకైతే గొర్రెపిల్లే.