పాతకాలపు ఎలక్ట్రిక్ రేంజి కొనేవారికి హెచ్చరిక: కాయిల్ నడుమ బిళ్లను చూసి మోసపోకండి

పాత రేంజిలు, అంటే ఓవెన్‌తో కలిసి ఉండే వంట పొయ్యిలు, బాగుచేసి అమ్మే ఆ పెద్దమనిషి ఎవరో, ఇక్కడ అమెరికాలో ఇలాంటి సామాను వెదికేవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. 1960ల నాటి రేంజి ఒకటి పోయిన శనివారం అతని దగ్గర 650 డాలర్లకు కొన్నాను. కొన్నది ఒకే ఒక్క బర్నరు కోసం. ఫ్రిజిడేర్ వారు హీట్ మైండర్ అనీ, జీఈ వారు సెన్సీటెంప్ అనీ పేర్లు పెట్టుకున్న కోవకు చెందినది. కాయిల్ నడుమ స్ప్రింగు మీద నిలిచే బిళ్ల గిన్నె అడుగును తాకి వేడిని పసిగడుతుంది. నేను కొన్న రకంలో బిళ్ల కింది ద్రవం వేడికి వ్యాకోచించి, సన్నని గొట్టం గుండా స్విచ్‌లోని లోహపు తిత్తిని ఉబ్బించి కరెంటును ఆపుతుంది, చల్లబడితే మళ్లీ ఇస్తుంది. గారెల నూనె 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర తనంతట తానే నిలుస్తుందని మురిసి, బిళ్లకు సరిగ్గా ఆనాలని అడుగు చదునైన మూకుడు కూడా ముందే కొన్నాను.

డయల్ 350 దగ్గరే ఉండగా, రెండో వాయి వేయకముందే నూనె పొగలు కక్కింది. అన్నీ చల్లారాక ప్లగ్గు తీసి, పైపలక ఎత్తి చూస్తే, గొట్టాన్ని కత్తిరించి, కొసకు నల్ల టేపు చుట్టి పక్కకు మడిచి ఉంది. డయల్ వెనక బిగించినది మామూలు ఇన్ఫినిట్ స్విచ్. గిన్నె ఎంత కాగిందో దానికి తెలియదు, కొన్ని సెకన్లు కరెంటు ఇస్తూ, కొన్ని సెకన్లు ఆపుతూ పోవడమే దాని పని. డిగ్రీల అంకెలున్న పాత డయల్‌ను మాత్రం శ్రద్ధగా మెరిపించి దానికే తగిలించాడు!

ఫోన్ చేస్తే, "కాయిల్ ఎర్రబడుతోంది కదా, అరవై ఏళ్ల పొయ్యి నుంచి ఇంకేం కావాలి?" అని నవ్వాడు. అమ్మిన రోజు ఆ బిళ్లనే వేలితో నొక్కి వదిలి, "స్ప్రింగు ఎంత చురుగ్గా ఉందో చూడండి" అన్నది ఈ నోరే. నేనూ నొక్కి చూసి తల ఊపాను. ఇంజనీరింగు చదివిన బుద్ధి ఆ పూట ఎక్కడికి పోయిందో.

కొనేముందు గిన్నెలో నీళ్లు పోయించి డయల్ 200 దగ్గర పెట్టించండి. సముద్రమట్టం దగ్గర నీరు 212 డిగ్రీలకు గాని మరగదు కనుక, బర్నరు నిజమైనదైతే తెర్లడానికి ముందే కరెంటు ఆగాలి. ఆ రోజు నా మూకుడు కారులోనే ఉంది.