50 గుడ్ల ఇంక్యుబేటర్ – మెషీన్ ఓకే, కానీ డబ్బా మీద రాసినంత ఈజీ కాదు

నాటుకోళ్లకి పిల్లలు చేయించడానికి ఆన్‌లైన్‌లో 6 వేల చిల్లర పెట్టి ఈ 50 గుడ్ల ఆటోమేటిక్ ఇంక్యుబేటర్ తీసుకున్నాం, గుడ్లు పెట్టేసి 21 రోజులు మర్చిపోండి అని డబ్బా మీద ఉంటుంది గానీ అలా మర్చిపోతే మురిగ్గుడ్లే మిగుల్తాయండి.

బాగున్నది ముందు చెప్తా. గుడ్లు తిప్పే ట్రే సూపర్, దానంతట అదే మెల్లగా తిప్పుతుంది, సౌండ్ కూడా తక్కువే. తిప్పకపోతే లోపల పిండం పెంకు పొరకి అతుక్కుపోతుంది, గుడ్లు పొదిగే కోడి కూడా ముక్కుతో రోజూ చేసే పని ఇదే. 18వ రోజు ట్రే తీసేసి గుడ్లు పడుకోబెట్టాలి, ఇక తిప్పకూడదు, ఈ ముక్క మాన్యువల్‌లో ఎక్కడో చివర్న చిన్న అక్షరాల్లో ఉంది.

టెంపరేచర్ దగ్గర మాత్రం జాగ్రత్త. 37.5 నుంచి 37.8 డిగ్రీల మధ్య ఉండాలి, మాకొచ్చిన మెషీన్ డిస్‌ప్లేకీ విడిగా పెట్టిన థర్మామీటర్‌కీ దాదాపు డిగ్రీ తేడా వచ్చింది, ఒక్క డిగ్రీయే కదా అనుకోవద్దు, వేడి ఎక్కువైతే పిండం చచ్చిపోతుంది. కాసేపు చల్లబడితే అంత భయం లేదు, కోడి కూడా మేతకి లేచి వెళ్లి వస్తుంది కదా. అందుకే కరెంట్ పోతే కంగారుపడి మూత తీయకుండా దుప్పటి కప్పండి, అరగంటకో గంటకో ఏం కాదు, కానీ గంటలు గంటలు కోతలుండే ఊరైతే ఇన్వర్టర్ లేకుండా కొనడం దండగ, దీన్లో బ్యాటరీ లేదు మరి.

నాకు నచ్చనిది తేమ. మొదటి 18 రోజులు 50-55 శాతం, చివరి మూడ్రోజులు 65 పైన కావాలి, పెంకుకున్న సన్న రంధ్రాల్లోంచి నీరు ఆవిరై లోపల గాలి గది పెరిగితేనే పిల్ల ఊపిరి తీసుకుని పెంకు పొడుస్తుంది, మరీ పొడిగా ఉంటే పొర బిగుసుకుపోయి లోపలే ఇరుక్కుంటుంది. ఇంత ముఖ్యమైనదానికి వీళ్లిచ్చింది నీళ్లు పోసే చిన్న తొట్టి, అదీ మూత తీస్తేనే అందుతుంది. బయట్నుంచి పోసే పైపున్న మోడల్ దొరికితే వెయ్యి ఎక్కువైనా అదే తీసుకోండి.

గుడ్లు చూడ్డానికి మెషీన్‌తో పాటు ఇచ్చిన టార్చ్ వేస్ట్, ఫోన్ లైట్ చాలు. ఏడో రోజు చీకట్లో గుడ్డుకి లైట్ ఆనించి చూస్తే సాలెగూడులా ఎర్రటి నరాలు కనబడతాయి, ఏమీ కనబడని గుడ్లు తీసేయండి, లేదంటే కుళ్లి లోపలే పేలి కంపు కొడతాయి.

షాపులో కొన్న గుడ్లు పెట్టొచ్చా అని చాలామంది అడుగుతున్నారు, గుడ్ల కోసమే కోళ్లని పెంచే లేయర్ ఫారాల్లో పుంజులుండవు, అవి ఎన్ని రోజులుంచినా పిల్ల అవదు. బాతు గుడ్లకి 28 రోజులు, కౌజు పిట్టలకి 17-18, సెట్టింగ్ మార్చుకోవచ్చు. పావురం గుడ్లు మాత్రం వద్దు, పిల్ల బయటికొచ్చినా తల్లిదండ్రుల గొంతు సంచిలో ఊరే పాలు లేకుండా దాన్ని బతికించడం చాలా కష్టం.

మేకకి ఇలాంటి మెషీన్ ఎందుకు లేదని మావాడు అడిగాడు, ప్రశ్న బాగానే ఉంది. కోడి తిండంతా సొనలో సర్దేసి పెంకు మూసేస్తుంది, ఇక బయట్నుంచి వేడీ తేమా గాలీ ఇస్తే చాలు. మేకపిల్లకి ఐదు నెలలూ మాయ ద్వారా తల్లి రక్తం నుంచే అన్నీ అందాలి, అది ఏ డబ్బాలో కుదురుతుంది? ఇక రక్తపింజర ఇంకో రకం, నాగుపాములా గుడ్లు పెట్టకుండా వాటిని కడుపులోనే ఉంచుకుని పిల్లల్ని కంటుంది, ఇంక్యుబేటర్ దానిలోనే ఉన్నట్టు.

రిజల్ట్ అంటారా, పెట్టినవాట్లో సగానికి పైగానే పిల్లలయ్యాయి, ఈ రేటుకి పర్లేదు. 5కి 3.5 ఇస్తా. పిల్లలు దిగాక వెంటనే మూత తీసేయకండి, కడుపులోకి లాక్కున్న పచ్చసొనతో ఒకటి రెండ్రోజులు మేత లేకుండా ఉంటాయి, ఒళ్లు ఆరాక తీసి బల్బు కింద పెట్టండి, మొదటి వారం 32-35 డిగ్రీలుండాలి. ఆ బల్బూ గంపా ముందే రెడీ చేసుకోండి, అవి ఈ డబ్బాలో రావు.