షీల్డా, కప్పా? 2021-22 ఐఎస్‌ఎల్‌లో అసలు విజేత ఎవరు

2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్ టోర్నీని హైదరాబాద్ ఎఫ్‌సీ గెలిచిందని మనమంతా అంటాం. జంషెడ్‌పూర్ వెళ్లి ఈ మాటంటే అక్కడి అభిమానులు ఒప్పుకోరు. ఆ సీజన్‌లో లీగ్ దశ ముగిసేసరికి పట్టికలో పైన ఉన్నది వాళ్ల జట్టే. అందుకిచ్చే లీగ్ విన్నర్స్ షీల్డ్ వాళ్లకు వెళ్లింది, మొదటి నాలుగు జట్లు ఆడే సెమీస్, ఫైనల్ (ప్లేఆఫ్స్) తర్వాత ఇచ్చే కప్పు మనకు వచ్చింది. రెండూ నిజమైన ట్రోఫీలే. అయితే ఒక సీజన్‌కు ఒక్కరినే విజేత అనాల్సి వస్తే ఎవరిని అనాలి?

కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే, బయటివాళ్లతో కలవనివ్వని బయో బబుల్‌లో జరిగింది. ఫటోర్డా, బాంబోలిమ్, వాస్కోలోని తిలక్ మైదాన్, ఈ మూడే వేదికలు. 11 జట్లు, ఒక్కో జట్టుకు 20 మ్యాచ్‌లు. జనవరిలో బబుల్‌లోకీ వైరస్ వచ్చి కొన్ని మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. ఆటగాళ్లు హోటల్ గదుల్లో చిక్కుకుపోయారు. సరైన ప్రాక్టీస్ లేకుండా బరిలోకి దిగాల్సిన రోజులూ వచ్చాయి.

అలాంటి సీజన్‌లో ఓవెన్ కోయిల్ శిక్షణలోని జంషెడ్‌పూర్ 13 మ్యాచ్‌లు గెలిచి, 4 డ్రా చేసుకుని, మూడే ఓడింది. మొత్తం 43 పాయింట్లు, అప్పటికి లీగ్ రికార్డు. చివరి ఏడు మ్యాచ్‌లూ వరసగా గెలిచింది. ఆ జట్టుకు ఆడిన స్కాట్లాండ్ ఆటగాడు గ్రెగ్ స్టీవర్ట్ పది గోల్స్ కొట్టి, మరో పదింటికి పాస్ అందించి లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. హైదరాబాద్ 38 పాయింట్లతో రెండో స్థానంలో, ఏటీకే మోహన్ బగాన్ 37తో మూడులో, కేరళ బ్లాస్టర్స్ 34తో నాలుగులో నిలిచాయి.

ఐదు పాయింట్ల తేడా 20 మ్యాచ్‌ల లీగ్‌లో చిన్నదేమీ కాదు. పైగా మార్చి 1న ఈ రెండు జట్లూ తలపడినప్పుడు జంషెడ్‌పూర్ 3-0తో హైదరాబాద్‌ను ఓడించింది. మూడు వారాలు తిరగకముందే కప్పెత్తబోయే జట్టును అంత తేడాతో ఓడించిందన్నమాట. షీల్డ్ వైపు వాదించేవాళ్లకు ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు.

పట్టికతో విజేతను తేలిస్తే చివర్లో ఉత్కంఠ ఉండదని ఒక మాట తరచూ వినిపిస్తుంది. ఆ సీజన్ లీగ్ దశ చివరి మ్యాచ్ చూసినవాళ్లు ఆ మాట అనరు. మార్చి 7న జంషెడ్‌పూర్, బగాన్ ఎదురుపడ్డాయి. బగాన్ గెలిస్తే రెండు జట్లూ 40 పాయింట్ల దగ్గర సమానమయ్యేవి. రిత్విక్ దాస్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో షీల్డ్ జంషెడ్‌పూర్‌కు దక్కింది. పట్టికతోనే విజేతను తేల్చిన మరో జాతీయ లీగ్, ఐ-లీగ్‌లోనూ ఇలాంటివి చూశాం. 2015లో చివరి రోజు బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు బెల్లో రజాక్ తల తగిలించి స్కోరు సమం చేయడంతో మోహన్ బగాన్ విజేత అయింది. 2017లో మిజోరం జట్టు ఐజాల్ ఎఫ్‌సీ ఒక్క పాయింట్ తేడాతో లీగ్ గెలిచింది. అప్పుడూ చివరి రోజు దాకా టెన్షనే.

ఇక కప్పు సంగతి. షీల్డ్ అందుకున్న ఎనిమిది రోజులకే జంషెడ్‌పూర్ ఇంటిదారి పట్టింది. సెమీస్ తొలి మ్యాచ్‌లో కేరళ 1-0తో గెలిచింది, రెండోది 1-1తో ముగిసింది. అటువైపు హైదరాబాద్ తొలి మ్యాచ్‌లో బగాన్‌ను 3-1తో ఓడించి, రెండోది 0-1తో ఓడినా మొత్తంమీద 3-2తో ఫైనల్ చేరింది.

మార్చి 20, ఫటోర్డా. అన్నాళ్లూ ఖాళీగా ఉన్న స్టాండ్లలోకి ఫైనల్‌కు ప్రేక్షకులను రానిచ్చారు. కేరళ అభిమానులు పోటెత్తారు. 2014, 2016 ఫైనల్స్‌లో ఓడిన జట్టు వాళ్లది, ఆ ఆరాటం అర్థం చేసుకోదగ్గదే. రెండు జట్ల రంగూ పసుపే. పట్టికలో పైనున్నందుకు ఆ జెర్సీ హైదరాబాద్‌కు వచ్చింది, కేరళ తన పసుపు వదిలేసి నల్ల జెర్సీలో ఆడింది. సీజనంతా పడ్డ కష్టానికి ఫైనల్లో మిగిలిన ఆధిక్యం ఆ రంగొక్కటే! 68వ నిమిషంలో రాహుల్ కేపీ కేరళకు గోల్ అందించాడు. 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా దూరం నుంచి బంతి నేల తాకకుండానే తన్నిన షాట్ గోల్‌లోకి దూసుకెళ్లింది. అదనపు సమయంలోనూ తేలక షూటౌట్‌కు వెళ్లింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. అందులో నిషు కుమార్ కిక్‌ను ఆపాక, గోల్ లైన్ వదిలి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ తన్నించాడు. కట్టిమణి దాన్నీ ఆపాడు. 3-1తో కప్పు మనది.

రెండేళ్ల ముందు, 2019-20లో, ఇదే జట్టు పది పాయింట్లతో పట్టికలో అట్టడుగున ఉంది. మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చి కుర్రాళ్లను నమ్ముకుని జట్టును మార్చాడు. 2021-22లో 18 గోల్స్‌తో స్ట్రైకర్ ఒగ్బెచె, అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు. ఆ ఫైనల్ రాత్రి పొందిన ఆనందాన్ని నేను దేనికీ తాకట్టు పెట్టను. ఆ క్లబ్ ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు, 2025లో ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కాబట్టి ఆ కప్పు మీద మమకారం మరింత ఎక్కువ.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు కప్పులతో అనుబంధం పాతది. రహీమ్ సాబ్ (సయ్యద్ అబ్దుల్ రహీమ్) శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. జాతీయ లీగ్ అనేది 1996లో గానీ మొదలుకాలేదు. అప్పటిదాకా నాకౌట్ కప్పులే గొప్పతనానికి కొలత. క్రికెట్‌లోనూ ప్లేఆఫ్స్ మనకు మేలే చేశాయి. 2009 ఐపీఎల్‌లో నాలుగో స్థానంలో ఉన్న డెక్కన్ ఛార్జర్స్, పట్టికలో పైనున్న ఢిల్లీని సెమీస్‌లో ఓడించి, ఫైనల్లో బెంగళూరుపై ఆరు పరుగులతో గెలిచింది.

ప్లేఆఫ్స్ వైపు అసలైన వాదన మాత్రం వేరు. ఐఎస్‌ఎల్‌లో అప్పుడు కింది డివిజన్‌కు దిగిపోవడమనే భయం లేదు. ప్లేఆఫ్స్ కూడా లేకపోతే, సీజన్ సగం గడిచాక నాలుగైదు జట్ల మ్యాచ్‌లకు అర్థమే ఉండదు. నాలుగో స్థానం కోసం పోటీ ఉంది కాబట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మధ్యలోని జట్లూ ప్రాణం పెట్టి ఆడాయి. ఈ లాభాన్ని కాదనలేం.

అయినా నా తూకం షీల్డ్ వైపే. 20 మ్యాచ్‌లంటే ప్రతి ప్రత్యర్థినీ రెండుసార్లు ఎదుర్కోవాలి, గాయాలు తట్టుకోవాలి, బెంచ్ మీదున్న కుర్రాడితోనూ పని జరిపించుకోవాలి. ఒక చెడ్డ రోజు వస్తే సరిదిద్దుకునే వీలుంటుంది, ఒక అదృష్టపు రోజు మాత్రం ఎవరినీ విజేతను చేయదు. జంషెడ్‌పూర్‌కు కేరళ చేతిలో ఓడాక మరో అవకాశమే లేదు. అన్నీ గోవాలోనే కాబట్టి సొంతగడ్డ బలం కూడా లేదు. ఐపీఎల్ 2011లోనే దీన్ని సరిచేసింది, పట్టికలో మొదటి రెండు జట్లు ఒకసారి ఓడినా ఫైనల్‌కు మరో దారి ఉంచింది. ఐఎస్‌ఎల్‌లో అప్పుడు అదీ లేదు.

ఆసియా క్లబ్బుల పెద్ద పోటీ అయిన ఆసియా చాంపియన్స్ లీగ్‌కు దారి కూడా అప్పట్లో కప్పుకు కాదు, షీల్డ్‌కే. జంషెడ్‌పూర్‌కు అక్కడా నిరాశే. ఆసియా క్యాలెండర్ మారడంతో 2021-22, 2022-23 షీల్డ్ విజేతలు ఒకే స్థానానికి పోటీపడాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో కేరళలోని మంజేరిలో జరిగిన ఆ ఒక్క మ్యాచ్‌లో ముంబై సిటీ 3-1తో గెలిచింది. ఇరవై మ్యాచ్‌లతో సంపాదించుకున్నది మళ్లీ ఒక్క సాయంత్రంలో పోయింది.

లీగ్ వాళ్లు మాత్రం డబ్బుతో కప్పుకే పెద్దపీట వేశారు. ఆ సీజన్ షీల్డ్ బహుమతి 3.5 కోట్లు, కప్పుకు 6 కోట్లు. నా దృష్టిలో ఇది తలకిందులు. లీగ్ చాంపియన్ అనే పేరు, పెద్ద బహుమతి పట్టికలో పైనున్న జట్టుకు వెళ్లాలి. ప్లేఆఫ్స్‌ను ఆపనక్కర్లేదు, వేరే కప్పుగా దర్జాగా ఆడించవచ్చు. మొదటి రెండు జట్లకు ఐపీఎల్ తరహాలో రెండో అవకాశం ఇస్తే సరి. ఆ లెక్కన 2021-22 లీగ్ చాంపియన్ జంషెడ్‌పూర్, కప్ విజేత హైదరాబాద్.